రాష్ట్రపతి చేవ్రాలు: శ్రీ వరాహగిరి వేంకటగిరి గారి జీవితము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్నాదేశించిరి. నేను పండితుడను గాను. పగలు ఊరి లెక్కలు వ్రాసికొనుచు, రాత్రులందు భారత భాగవతములను నిఘంటువు ప్రక్కన బెట్టుకొని నాకు నేనే చదివికొన్నవాడను. ఎవరిని గూర్చి వ్రాయుదునా యని యాలోచించుచుండగా, మన పఠనమందిరమున ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుచున్న చిరంజీవి యొకడు నాకడకు వచ్చి, రాష్ట్రపతి ఉత్తర్వు అనగా నేమి, అది రాష్ట్రపతి తన యిచ్చవచ్చినట్లు వ్రాయునదియా యని యడిగెను. ఒక్కమాటలో నేను జవాబు చెప్పలేకపోతిని. ఒక మనుష్యుని జీవితమును మొదటినుండి చెప్పినగాని ఆ సంగతి బోధపడదని నాకు తోచినది. అందుచేత మన తెలుగువాడును, భారత రాష్ట్రపతులలో నాల్గవవారును నగు శ్రీ వి. వి. గిరి గారి చరిత్రను చేపట్టితిని.

ఈ విషయముపై నాకు మరియొక కారణమున గూడ ఆసక్తి కలదు. మా యింట తరతరములుగ పట్వారీ పని యుండెను. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌నందలి గ్రామాధికారుల పదవులు ఒక ఆర్డినెన్సుచే రద్దయ్యెను. నేనప్పుడు బడికి బోవు పిల్లవాడను. ఉదయమున దస్త్రము ముందు కూర్చుండిన మా తండ్రిగారు సాయంకాలమునకు ఆ దస్త్రమును మూటగట్టి అప్పగించుటకు సిద్ధపడిరి. ఆ ఆర్డినెన్సుపై వేసిన వ్యాజ్యము సుప్రీము కోర్టుదాక పోయి, 1985లో అది చెల్లునని తీర్పు వచ్చెను. వంశపారంపర్యపు పదవులు పోవుట న్యాయమా అన్యాయమా యని నేనిక్కడ వాదింపను. పోదగినవే యని నేడు నాకును తోచుచున్నది. కాని ఒక చేవ్రాలు ఒక యింటి గడపను ఎంత త్వరగ దాటి రాగలదో నేను చిన్ననాడే చూచితిని. ఆనాటినుండి సంతకము చేయువారిని గూర్చి చదువుట నాకు వాడుకయైనది.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన గంజాం జిల్లా బరంపురములో జన్మించిరి. ఆ ఊరు ఆనాడు చెన్నరాజధానిలోనిది, నేడు ఒడిశాలోనిది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుగాంచిన న్యాయవాది. తల్లి సుభద్రమ్మగారు స్వాతంత్ర్యోద్యమమున పాల్గొన్న ధీరురాలు. బరంపురములో కళాశాల చదువు చదివిన పిమ్మట, 1913లో న్యాయశాస్త్రము నభ్యసించుటకు ఆయన ఐర్లండు దేశపు డబ్లిను నగరమునకు వెళ్లిరి.

మనవాండ్రు సాధారణముగ లండనుకు బోయెడి కాలమది. ఆయన డబ్లినుకు బోవుట ఆయన జీవితమునకే మలుపైనది. ఇంగ్లీషువారి యేలుబడినుండి విడివడుటకు ఐరిషువారు పోరాడుచున్న దినములవి. కార్మికులను కూడగట్టి దేశ స్వాతంత్ర్యముకొరకు నిలిచిన జేమ్సు కనొలీ వంటి నాయకుల ప్రభావము ఈ తెలుగు విద్యార్థిపై బలముగ పడెను. 1916లో అచ్చట తిరుగుబాటు జరిగి, నాయకులు ఉరికంబములకును తుపాకి గుండ్లకును గురియైరి. అనుమానితులలో నొకరగుటచే గిరిగారికి ఆ దేశము విడిచిపొమ్మని ఉత్తర్వు వచ్చెను. ప్రభుత్వపు కాగితము మనుష్యుని ఎట్లు తరుమునో ఆయన మొదట ఎరిగినది అచ్చటనే. ఆనాడు ఆయన వయస్సు ఇరువదియొక్క యేండ్లు.

స్వదేశమునకు మరలివచ్చి మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగ చేరి, గాంధీమహాత్ముని పిలుపుపై 1920లో ఆ వృత్తిని విడిచిరి. 1922లో సారా దుకాణములయెదుట నిరసన నడిపినందులకు చెరసాల కేగిరి. అటుపిమ్మట ఆయన చేపట్టిన పని రైలు కార్మికుల సంఘములను నిర్మించుట. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఆయన యొకరు. బెంగాలు–నాగపూరు రైల్వేలో 1928లో ఉద్యోగముల తొలగింపునకు వ్యతిరేకముగ జరిగిన సమ్మెకు ఆయన నాయకులు. అది హింసకు తావులేక సాగి ఫలించినది. 1926లోను, మరల 1942లోను ఆయన అఖిల భారత ట్రేడు యూనియను కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1931లో లండనున జరిగిన రెండవ రౌండు టేబులు సమావేశమునకు కార్మికుల ప్రతినిధిగ వెళ్లిరి.

1937 ఎన్నికలలో బొబ్బిలి స్థానమున, అంతకుముందు చెన్నరాష్ట్ర ప్రధానిగ నుండిన బొబ్బిలి రాజావారిని ఆయన ఓడించిరి. రాజుగారి కోటయున్న యూరనే రాజుగారిని ఓడించుట ఆనాడు దేశమంతట చెప్పుకొన్న సంగతి. రాజాజీ మంత్రివర్గమున 1937 నుండి 1939 వరకును, ప్రకాశము పంతులుగారి మంత్రివర్గమున 1946–47లోను కార్మిక శాఖను నిర్వహించిరి. నడుమ క్విట్టిండియా ఉద్యమమున మరల చెరసాల. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట సింహళమున భారత హైకమీషనరుగ 1951 వరకు పనిచేసిరి. 1952లో పాతపట్నమునుండి లోకసభకు ఎన్నికై, నెహ్రూగారి మంత్రివర్గమున కార్మిక మంత్రియైరి.

ఇక్కడ ఒక్క క్షణము నిలువవలెను. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యముల తగవులో అప్పీలు ట్రిబ్యునలు తీర్పు నిచ్చినది. 1954 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ఆ తీర్పును తన యుత్తర్వుచే మార్చి తగ్గించెను. ఇరుపక్షములవారిని ఎదురెదురుగ కూర్చుండబెట్టి మాటాడించి తగవు తీర్పవలెను గాని పైనుండి నిర్ణయమును మోపరాదనునది గిరిగారి సిద్ధాంతము. దానికి ఆయన పేరిటనే పేరువచ్చినది. తీర్పు చెప్పుమని ఒకరిని నియమించి, ఆ తీర్పును మరల ప్రభుత్వమే మార్చుట ఆయనకు సమ్మతము గాలేదు. ఆయన మంత్రిపదవికి రాజీనామా నిచ్చిరి. పిదప ప్రభుత్వము కమీషనును నియమించి ఆ విషయమును పునఃపరిశీలింప జేయవలసివచ్చెను. కౌరవసభలో తన మాట చెల్లనపుడు విదురుడు లేచిపోయిన ఘట్టము ఈ రాజీనామాను చదివినపుడు నాకు జ్ఞప్తికి వచ్చును.

1957లో పార్వతీపురమునందు ఆయనకు పరాజయము కలిగెను. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గము. ఒక స్థానము గిరిజనులకు ప్రత్యేకింపబడినది. గిరిజన అభ్యర్థియైన డిప్పల సూరిదొరగారు ఎక్కువ వోట్లు పొంది సాధారణ స్థానమునే గెలిచిరి. అట్లు గెలువవచ్చునా యని గిరిగారు సుప్రీము కోర్టువరకు వ్యాజ్యము నడిపి 1959లో ఓడిరి. అప్పటికే ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరు. పిమ్మట కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగ నుండి 1967లో ఉపరాష్ట్రపతియైరి.

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు పదవిలో నుండగనే కాలధర్మము నొందిరి. ఉపరాష్ట్రపతియగు గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతియైరి. కొత్త రాష్ట్రపతి ఎన్నికకు కాంగ్రెసు పక్షమువారు నిలిపినది మరియొక తెలుగువారిని, శ్రీ నీలం సంజీవరెడ్డి గారిని. ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీకి ఆ నిర్ణయము ఇష్టము లేదు. జూలై 16న ఆమె మొరార్జీ దేశాయి గారినుండి ఆర్థికశాఖను తీసివేసిరి. జూలై 19న, యాబది కోట్ల రూపాయలకు తక్కువగాని డిపాజిట్లున్న పదునాలుగు పెద్ద బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై గిరిగారు చేవ్రాలు చేసిరి. మరునాడు, అనగా జూలై 20న, తానే స్వతంత్రముగ రాష్ట్రపతి పదవికి పోటీచేయుటకై రాజీనామా నిచ్చిరి. జూలై 21న పార్లమెంటు సమావేశము ప్రారంభమయ్యెను.

చదువరులు ఈ మూడు తేదీలను వరుసగ చూడవలెను. రాజ్యాంగపు 123వ అధికరణము ప్రకారము పార్లమెంటు ఉభయసభలును సమావేశమై యుండనపుడు, వెంటనే చర్య తీసికొనవలసిన పరిస్థితి కలదని తోచినచో, రాష్ట్రపతి ఆర్డినెన్సు జారీచేయవచ్చును. దానికి శాసనమునకుండు బలమే యుండును. కాని సభలు కూడిన ఆరువారములలో అవి అంగీకరింపకున్న అది మురిగిపోవును. రెండు దినములలో సభ కూడనుండగా అంత తొందర యేల యని అనాడే విమర్శ వచ్చెను. మంత్రివర్గము సలహా నిచ్చినపుడు రాష్ట్రపతి కాదనుట మన పద్ధతి కాదని సమాధానము వచ్చెను. రెండు మాటలలోను సత్యమున్నది.

పార్లమెంటు ఆ ఆర్డినెన్సుకు మారుగ ఆగస్టులో శాసనము చేసెను. దానిపై సుప్రీము కోర్టున వ్యాజ్యము పడగా, 1970 ఫిబ్రవరి 10న పదునొకండుగురు న్యాయమూర్తులలో పదుగురు ఆ శాసనము చెల్లదనిరి. ఈ పదునాలుగు బ్యాంకులపట్ల మాత్రమే పక్షపాతము చూపుట యొక తప్పు. నష్టపరిహారమును లెక్కగట్టిన పద్ధతి సరిగా లేకుండుట రెండవ తప్పు. ఒక్క న్యాయమూర్తి, శ్రీ ఎ. ఎన్. రే గారు, విభేదించిరి. ఈ పేరు జ్ఞాపకముంచుకొనుడు. తీర్పు వచ్చిన నాలుగు దినములకు, ఫిబ్రవరి 14న, అప్పటికి పూర్తి రాష్ట్రపతియైన గిరిగారు రెండవ ఆర్డినెన్సుపై చేవ్రాలు చేసిరి. ఈ పర్యాయము ఒక్కొక్క బ్యాంకునకును ఈయవలసిన సొమ్మును అంకెలలో వ్రాసిరి. మొత్తము సుమారు 87 కోట్ల రూపాయలు. తరువాత పార్లమెంటు దానిని శాసనముగ చేసెను. మొదటి సంతకము కొట్టువడినది. కోర్టు చూపిన తప్పును దిద్దుకొన్న రెండవ సంతకము నిలిచినది. లెక్కలు వ్రాయువారికి ఇది క్రొత్త సంగతి గాదు. తప్పు పద్దును కొట్టివేసి, సరియైన పద్దు వ్రాసి, ప్రక్కన మరల సంతకము పెట్టుదుము.

దీని ఫలము పల్లెలకు వచ్చినది. 1969 జూన్ నాటికి దేశమందు బ్యాంకు శాఖలు సుమారు 8,260. వానిలో పల్లెలయందున్నవి సుమారు 1,830 మాత్రమే. 1990 నాటికి శాఖలన్నియు కలిసి సుమారు 60,000 కాగా, వానిలో సగముకంటె ఎక్కువ పల్లెలయందే యుండెను. మా తండ్రిగారి పెట్టెలో నేటికిని రెండు కాగితములున్నవి. ఒకటి షాహుకారునకు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీపై వ్రాసియిచ్చిన ప్రోనోటు. రెండవది బ్యాంకి పాసుపుస్తకము. ఆ రెండింటి నడుమ ఒక ఆర్డినెన్సు ఉన్నదని నేను పెద్దవాడనైన పిమ్మట తెలిసికొంటిని. ఐనను ఒకవైపే వ్రాయుట లెక్క గాదు. ప్రభుత్వము చేతికి చిక్కిన బ్యాంకులలో రాజకీయపు సిఫారసులును, వసూలుగాని అప్పులును పెరిగిన మాట గూడ నిజమే.

మధ్యలో జరిగిన ఎన్నికను గూర్చి చెప్పవలెను. 1969 ఆగస్టు 16న వోట్లు పడెను. మొదటి లెక్కలో ఎవరికిని సగముకంటె ఎక్కువ రాలేదు. రెండవ ప్రాధాన్యపు వోట్లు కలిపిన పిమ్మట గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 వచ్చెను. అతి స్వల్పమగు ఆధిక్యముతో ఆగస్టు 24న గిరిగారు రాష్ట్రపతి పదవిని స్వీకరించిరి. ఆ ఎన్నిక చెల్లదని సుప్రీము కోర్టున పిటిషను పడగా, గిరిగారు రాష్ట్రపతియై యుండియు స్వయముగ కోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చిరి. అంతకుముందు ఏ రాష్ట్రపతియు అట్లు చేసియుండలేదు. పిటిషను కొట్టివేయబడెను. తన సంతకములను కొట్టివేసిన కోర్టు ముందే సాక్షిగ నిలిచిన ఈ పని ఆయన ఖాతాలో జమ వైపు వ్రాయదగినది.

మూడవ సంతకము మన హైదరాబాదులోనే జరిగినది. మాజీ సంస్థానాధీశులకు ఏటేట చెల్లించు రాజభరణములను రద్దుచేయ దలచి ప్రభుత్వము రాజ్యాంగ సవరణ బిల్లు తెచ్చినది. లోకసభలో నెగ్గినది. 1970 సెప్టెంబరు 5న రాజ్యసభలో అనుకూలముగ 149, ప్రతికూలముగ 75 వోట్లు పడెను. మూడింట రెండు వంతులకు 149న్నర లోపు, సరిగా చెప్పవలెనన్న ఒక వోటులో మూడవ వంతు, తక్కువయ్యెను. ఇంత సన్నని లెక్కను నా జన్మలో నేను చూడలేదు. సభలో నెగ్గనిదానిని ఉత్తర్వుతో సాధింపదలచి మంత్రివర్గము వెంటనే సలహా పంపినది. అప్పుడు హైదరాబాదులో నుండిన గిరిగారు, రాజులందరి గుర్తింపును ఒక్కమారుగ ఉపసంహరించుచు చేవ్రాలు చేసిరి. నిజాము వారసునిగ గుర్తింపు పొందిన ముకర్రం జా గారును ఆ రాజులలో నొకరు. నిజాము రాజధానిలో కూర్చుండి నిజాము గుర్తింపును తీసివేయుట, బొబ్బిలిలో బొబ్బిలి రాజును ఓడించిన మనుష్యునికే దక్కినది.

అదియు నిలువలేదు. 1970 డిసెంబరు 15న సుప్రీము కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసెను. గుర్తింపు నిచ్చు అధికారమున్నంతమాత్రమున అందరి గుర్తింపును ఒక్క పెట్టున తుడిచివేయు అధికారము లేదని తేల్చెను. ఆ నెలలోనే లోకసభ గడువుకు ముందుగ రద్దయ్యెను. 1971 ఎన్నికలలో ప్రజలు ఇందిరాగాంధీ పక్షమునకు పెద్ద ఆధిక్యము నిచ్చిరి. అప్పుడు సరియైన మార్గమున వచ్చిన 26వ రాజ్యాంగ సవరణచే 1971 డిసెంబరు చివర రాజభరణములు పోయెను. దొడ్డిదారిన రానిది సింహద్వారమున వచ్చినది.

ఇక ఖర్చు వైపు వ్రాయవలసిన పద్దులు. 1973 ఏప్రిలులో భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి, తమకంటె ముందున్న ముగ్గురను దాటించి శ్రీ ఎ. ఎన్. రే గారిని నియమించిరి. బ్యాంకుల వ్యాజ్యములో ప్రభుత్వ పక్షమున నిలిచిన ఏకైక న్యాయమూర్తి ఆయనే. ఆ ముగ్గురును రాజీనామా చేసిరి. నియామకపత్రముపై నుండునది రాష్ట్రపతి చేవ్రాలే. తప్పు పద్దును చూపి దిద్దించిన కోర్టును ఇట్లు ఒరిపిడికి గురిచేసిన పత్రముపై గిరిగారు మారుమాటలేక సంతకము చేసిరి. 1974 మేలో దేశమంతట రైలు సమ్మె జరిగినది. దానిని నడిపినది గిరిగారు పునాది వేసిన రైల్వే కార్మికుల సమాఖ్యయే. ఇరువది దినములలో వేలమంది అరెస్టులతో ఆ సమ్మె అణచబడెను. అర్ధశతాబ్దమునకు ముందు కార్మికులను కూడగట్టినవారు ఆనాడు రాష్ట్రపతి భవనమున నుండిరి. 1954లో మంత్రిగ లేచిపోయిన విదురుని ఎరిగిన మనము, 1974లో సభలో కూర్చుండియున్న భీష్ముని చూచుచున్నాము. మంత్రి రాజీనామా నీయగలడు, రాష్ట్రపతియు నీయగలడు. ఒకటి చేసి ఒకటి చేయకుండుటకు ఆయనకు కారణములుండవచ్చును. కాని లెక్కలో ఆ పద్దును వదలివేయుట నా వృత్తికి తగదు.

మన ఊరికి దగ్గరి సంగతితో ముగింతును. జై ఆంధ్ర ఉద్యమపు రోజులలో పి. వి. నరసింహారావు గారి మంత్రివర్గము తప్పుకొనగా, 1973 జనవరి 18న ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన వచ్చెను; డిసెంబరు 10 వరకు సాగెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఆరు సూత్రముల ఒప్పందము కుదిరెను. దానిని అమలుజరుపుటకు వచ్చిన 32వ రాజ్యాంగ సవరణ 1974 జూలై 1న అమలులోనికి వచ్చెను. దాని వలన 371-డి అధికరణము పుట్టి, ఉద్యోగములలోను చదువులలోను స్థానికులకు న్యాయము జరుగునట్లు ఉత్తర్వు జారీచేయు అధికారము రాష్ట్రపతికి కలిగెను. మన పిల్లలు దరఖాస్తులలో స్థానికుడా కాదా యని వ్రాయు గడికి మూలమదియే. 371-ఇ అధికరణము హైదరాబాదునకు కేంద్ర విశ్వవిద్యాలయమును తెచ్చుటకు దారి చూపెను. ఆ విశ్వవిద్యాలయము 1974 అక్టోబరులో నగరమున సరోజినీదేవి ఇంట ప్రారంభమై, పిదప మన పొరుగున గచ్చిబౌలికి వచ్చి స్థిరపడినది. ఖాజాగూడ గుట్టల చుట్టును నేడు గాజుమేడలు లేచినవి. కాని వానికి ముందు ఇచ్చట వెలసిన చదువుల తోట అది.

గిరిగారు 1974 ఆగస్టులో పదవీ విరమణ చేసిరి. 1975లో భారతరత్న బిరుదము పొందిరి. 1980 ఏప్రిలులో ఆంధ్రాబ్యాంకుతో కూడ మరి ఆరు బ్యాంకులను జాతీయము చేసిన ఆర్డినెన్సుపై చేవ్రాలు చేసినవారు ఎవరనుకొన్నారు? ఆనాటి రాష్ట్రపతి, 1969లో గిరిగారి చేతిలో ఓడిన శ్రీ నీలం సంజీవరెడ్డి గారే. అదే సంవత్సరము జూన్‌లో గిరిగారు మద్రాసున స్వర్గస్థులైరి. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ నేడు ఆయన పేరిట నడుచుచున్నది.

ఇప్పుడా చిరంజీవికి నా జవాబు. నాయనా, రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రపతి ఇచ్చవచ్చినట్లు వ్రాయునది కాదు. మంత్రివర్గము సలహా నీయగా వ్రాయునది. 1976లో రాజ్యాంగము ఈ మాటను స్పష్టముగనే చెప్పినది. 1978లో ఒక్కసారి పునరాలోచింపుడని త్రిప్పిపంపు వీలును కల్పించినది. గిరిగారి చేవ్రాళ్లలో సభయును కోర్టును పరీక్షించి దిద్దినవి నిలిచినవి. ఆ పరీక్షను తప్పించుకొన జూచినవి నిలువలేదు. పరీక్షించువారినే బలహీనపరచిన సంతకము మాత్రము లెక్కలో మచ్చగ మిగిలినది. అందుచేత ఉత్తర్వు వచ్చినపుడు సంతకమెవరిదని మాత్రమే అడుగక, దానిని తనిఖీ చేయువారెవరని గూడ అడుగవలెను. అడుగుటకు చదువు కావలెను. చదువుటకు గ్రంథాలయము కావలెను.

ఇరువదియైదేండ్లుగ చందాదారుల ఆదరముతో నడచిన మన గ్రంథాలయము, ఇట్టి ప్రశ్నలడుగు పిల్లలతో నిండి, స్వర్ణోత్సవమును గూడ జరుపుకొనుగాక.